కొట్టేసిన వాక్యం

మా ఎడిటర్ సాబ్ పోయిన శుక్రవారం పురానాపూల్ దగ్గర తన ఇంట్లో కన్నుమూశారు. ఆ కబురు విని ఒక పెద్దమనిషి, "పేర్లు చెప్పకుండా వార్తలు రాసిన మనిషే కదా!" అని పెదవి విరిచాడు. ఆయనకూ, ఆయనలాంటి వాళ్లందరికీ ఇదే నా జవాబు.

అవి యుద్ధం రోజులు. నేను సాబ్ పత్రికలో కొత్తగా చేరిన విలేకరిని. సర్కారు గోదాములో రేషన్ బియ్యంలో ఇసుక కలుపుతున్నారని అక్కడ పనిచేసే ఒకాయన ఎడిటర్ సాబ్ చెవిన వేశాడు. ఎవరని నేనడిగితే సాబ్ చెప్పలేదు.

"నా చెవిల పడ్డది నాకాడనే ఉండాలె బేటా. ఇంకో చెవిల పడ్డదంటే బజార్ల పడ్డట్టే."

అలాగని విన్నది విన్నట్టు అచ్చేసే మనిషీ కాదు. వేర్వేరు దుకాణాల బియ్యం తెప్పించి, ఆఫీసులోనే తాంబాళంలో కడిగారు. అడుగున ఇసుక మిగిలింది. గోదాము అధికారి ఇంటి గొడవ కూడా ఆ గోదాము మనిషే చెప్పాడట. అదీ రాద్దామన్నాను.

"వాని ఇంటి లొల్లి మనకేందిరా? బియ్యం సంగతి చాలు."

వార్త నేను రాశాను. ఆ మనిషి అన్న ఒక మాటను సాబ్ నోట విని, ఉన్నదున్నట్టు పెట్టాను. వింటే ముందు నవ్వొస్తుంది, వెంటనే ఒళ్లు మండుతుంది. సాబ్ సరిగ్గా దాన్నే కొట్టేశారు.

"ఏంది సాబ్! వార్త పానమే తీస్తున్నరు!"

"మస్తుగున్నది. గందుకే తీస్తున్న. గంత మంచి మాటకు యజమాని ఉంటడు. గోదాముల ఎవడన్న చదివి, 'అరే, ఇది ఫలానోని మాటే' అంటడు. వాని నౌకరీ పోతె వాని పిల్లలకు నీ వాక్యం వండిపెడతవా?"

వార్త వచ్చాక బియ్యం మారింది. అధికారులు సాబ్‌ను పిలిపించి, చెప్పిందెవరని అడిగారు. బెదిరించారు. పత్రికకు కాగితం ఆపేశారు. పత్రిక మూతపడింది కానీ ఆ పేరు బయటికి రాలేదు. ఇది పిరికితనమా? పేరు అచ్చువేయడమే ధైర్యమైతే, ఎవరి పేరు, ఎవరి మెడ? రాసింది నేనైనా, ఆ వార్త కింద సాబ్ తన సంతకమే పెట్టారు, తన మెడే చాచారు.

మొన్న ఖబ్రస్తాన్‌లో సాబ్ గోరీ మీద అందరం పిడికిళ్లతో మట్టి వేస్తున్నాం. నా వెనుక ఎవరో, తనలో తాను అనుకుంటున్నట్టు, సాబ్ కొట్టేసిన, ఎక్కడా అచ్చుకాని ఆ వాక్యమే అన్నాడు. అక్షరం పొల్లుపోలేదు.

నేను వెనక్కి తిరగలేదు. ఆ గోదాము ఇంకా నడుస్తోంది, కాబట్టి ఆ వాక్యం ఇక్కడా రాయను. నా భుజం పక్కనుంచి ఒక చేయి ముందుకు వచ్చింది. పిడికిలి విప్పుకుంది. మట్టి రాలింది. చేయి వెనక్కి పోయింది.