డబ్బా మీది తలుపు

మా వంటింటి పై అరలో ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. మూత తీస్తే వాము, నువ్వులు, కాగిన నూనె కలిసిన వాసన ఇప్పటికీ గుప్పుమంటుంది, అందులో జంతికలు పోసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేకపోయినా. అంచులు తుప్పు పట్టాయి గానీ మూత మీది బొమ్మ చెక్కుచెదరలేదు: ఒక రాజభవనం లోపలి వెడల్పాటి పాలరాతి మెట్లు, పైన వేలాడే దీపాల గుత్తి, మెట్లకు ఎడమ పక్కన ఓరగా తెరిచి ఉన్న ఒక చిన్న తలుపు. మొన్న దీపావళికి సామాను సర్దుతూ దాన్ని కిందికి దించాను.

నా చిన్నతనమంతా సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లోని తొమ్మిదో అంతస్తు ఫ్లాట్లో గడిచింది. అక్కడ ఎండాకాలం, చలికాలం అంటూ ఏమీ ఉండవు. లిఫ్టు నిండా డూరియన్ పళ్ళ వాసన నిండితే ఒక ఋతువు, వాన తెరిపివ్వక ఆరేసిన బట్టలు ముక్కిన వాసన కొడితే ఇంకో ఋతువు, నాయనమ్మ అటక మీంచి జంతికల గొట్టం దించితే దీపావళి. నరసాపురం పక్క పల్లెటూరి నుంచి వచ్చి మాతోనే ఉండిపోయిన నాయనమ్మ, హాల్లో పాత పేపర్లు పరిచి, మోచేతులదాకా పిండితో, జంతికలు చుట్టి చుట్టి ఆ డబ్బాకే ఎత్తేది. అవి కరకరా నములుతూ ఆ తలుపు వెనక ఏముందని మేమిద్దరం వాదులాడుకునేవాళ్ళం. రాణిగారి నగలని నేను.

"నగలు కాదు, నీ మొహం. వంటిల్లే అది. అంతమందికి కూడెక్కడ వండుతారే మరి? పోయేలోగా ఓపాలి చూడాలే" అనేది నాయనమ్మ.

గుడికి తీసుకెళ్ళమని గానీ, చీర కొనమని గానీ కొడుకును ఎన్నడూ అడగని మనిషి. ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మా నాన్నకు ఉన్న కోరిక కారు. వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో మంచి ఉద్యోగమే గానీ, సింగపూర్‌లో కారు కొనాలంటే ముందు కారు ఉంచుకునే హక్కు కొనుక్కోవాలి, ఆ హక్కు కారును మించిన ఖరీదు. అందుకని ఆయన డ్రైవింగ్ లైసెన్సును పర్సులో వేంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టుకుని ట్రైన్లో తిరిగేవాడు. ఆదివారం పూట కింద పార్కింగ్‌లో పక్కింటి అంకుల్ కారు కడుక్కుంటుంటే, దగ్గర నిలబడి ఇక్కడ మరక, అక్కడ మరక అని చూపించేవాడు.

నా పదకొండో ఏట నాన్నను ఆఫీసు వాళ్ళు వియన్నా పంపుతున్నారని తెలిసింది. ఆ పేరు వినగానే నాయనమ్మ డబ్బా పట్టుకొచ్చి, బొమ్మ కింది చిన్న అక్షరాలు నా చేత చదివించింది. ఆ ఊరే! స్కూలు సెలవులు కూడా కలిసొచ్చి, అమ్మతో కలిపి నలుగురం బయలుదేరాం, డబ్బా నిండా జంతికలతో.

నాన్న మీటింగులన్నీ అయ్యాక మిగిలింది ఒక్క రోజు, మర్నాడే తిరుగు విమానం. మధ్యాహ్నం మూడింటిలోపు లోపలికి వెళ్ళాలని రాజభవనం టికెట్ల మీద ఉంది. హోటల్ నుంచి నేరుగా ట్రైన్ ఉందని కౌంటర్లో అమ్మాయి చెప్పింది, అమ్మ చెప్పింది, గోడ మీది పటమూ చెప్పింది. "ఇక్కడా ట్రైనెక్కడానికేనా ఇంత దూరం వచ్చింది?" అని నాన్న ఒక కారు అద్దెకు తెచ్చాడు. సింగపూర్‌కు తారుమారుగా అక్కడ స్టీరింగు ఎడమ పక్క, బండ్లు పోయేది కుడి పక్క. మలుపు తిరగబోతూ మీట నొక్కినప్పుడల్లా సిగ్నల్ లైటుకు బదులు వైపర్లు లేచేవి. చుక్క వాన లేని నీలాకాశం కింద అద్దాన్ని కీచుకీచుమని తుడుచుకుంటూ మేము రాజభవనానికి బయలుదేరాం.

రాజభవనం కనిపించడం పొద్దున్నే కనిపించింది. దాని పార్కింగ్ నిండిపోయింది. చుట్టుపక్కల వీధులన్నీ ఒకవైపే పోయేవి, కాబట్టి ఒక్క మలుపు తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. అదే గోపురం, అదే ఐస్‌క్రీం బండి, అవే గుర్రాల బొమ్మలు మళ్ళీ మళ్ళీ వచ్చి పోతున్నాయి.

"గుళ్ళో కూడా ఇన్ని ప్రదక్షిణాలు చెయ్యలేదురా అబ్బాయ్. కాసేపు దిగి దణ్ణమన్నా పెట్టుకోనీ" అంది నాయనమ్మ.

అప్పుడు అమ్మకు ఒక ఖాళీ చోటు కంటపడింది. బ్రేకు వేసేసరికి దాన్ని దాటేశాం, వెనక్కి వెళ్ళే దారి లేదు. మా సింగపూర్ హాకర్ సెంటర్లలో, అంటే వరసగా తిండి కొట్లుండే చోట, భోజనానికి వెళితే, ముందు బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేసి, ఆ తర్వాతే తిండి కోసం వరసలో నిలబడతాం. దీన్ని చోప్ చెయ్యడం అంటారు. ఎంత ఆకలి మీదున్న మనిషైనా ఆ ప్యాకెట్‌ను ముట్టుకోడు. అమ్మ గబగబా దిగి, ఆ ఖాళీ చోటు నడిమధ్యన టిష్యూ ప్యాకెట్ పెట్టి, నిశ్చింతగా వచ్చి కూర్చుంది.

మేము మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేసరికి ప్యాకెట్ మీద ఒక వ్యాను నిలబడి ఉంది.

"కళ్ళు కనపడవా వీళ్ళకి? అంత పెద్ద ప్యాకెట్టు పెడితే!" అని అమ్మ నిజంగానే నివ్వెరపోయింది.

"కాయితాన్ని ఎవడు లెక్కచేత్తాడే, మనిసిని పెట్టాలి గానీ" అంది నాయనమ్మ. తరవాత ఖాళీ కనపడగానే నన్ను వెంటబెట్టుకుని దిగి, శాలువా మడిచి నేల మీద వేసుకుని, ఒళ్ళో డబ్బాతో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "నాయనమ్మా, కెనాట్ లా! పోలీస్ విల్ కమ్!" అని మా సింగపూర్ ఇంగ్లీషులో మొత్తుకుంటున్నాను. పోలీసు రాలేదు, టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి నల్లకారులో వచ్చి హారన్ మోగించాడు, దిగి తన భాషలో ఏదో అన్నాడు.

"మావోడొత్తన్నాడండీ, ఇదిగో, ఈ మలుపులోనే ఉన్నాడు" అంది నాయనమ్మ తన భాషలో, మహా మర్యాదగా. డబ్బా తెరిచి జంతిక చేతికిచ్చింది. ఆయన ఆమె వంకా, జంతిక వంకా చూసి, దాన్ని కొరుక్కుంటూ కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ వెనకే వైపర్లు ఊపుకుంటూ మా కారు వచ్చింది.

తీరా కారు పెట్టాక, పక్కనే అర్థం కాని భాషలో ఒక బోర్డు కనిపించింది. ఇక్కడ పెట్టమంటోందో, పెడితే లాక్కుపోతామంటోందో తెలియదు. మూడు కావస్తోంది. నాన్న స్టీరింగు వదలనన్నాడు. ఆయన్ని ఒంటరిగా వదిలితే ఎవరితో గొడవ పెట్టుకుంటాడోనని అమ్మ కదలనంది. నాయనమ్మా నేనూ పరుగు లాంటి నడకతో వెళ్ళి, గేటు మూసే చివరి నిమిషంలో లోపల పడ్డాం.

లోపలంతా చల్లటి రాతి వాసన, మైనం వాసన. బంగారు పూత గోడల్ని నాయనమ్మ కన్నెత్తయినా చూడలేదు. తిన్నగా మెట్ల దగ్గరికి నడిచింది. ఎడమ పక్కన అదే తలుపు, డబ్బా మీద ఉన్నట్టే ఓరగా తెరిచి. పరాయివాళ్ళ వంటింట్లోకి వెళుతున్నట్టు పమిట సర్దుకుని, చెప్పులు కూడా విప్పబోయి, మెల్లగా తోసింది.

తెల్లటి పలకల గోడలు, వరసగా కుళాయిలు, చేతులు కడుక్కుంటున్న ఆడవాళ్ళు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాయనమ్మ ఒక్క క్షణం చూసి, "ఇది పట్టుకో" అని డబ్బా నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పొద్దుటి నుంచీ కారులోనే ఉన్నామని నాకప్పుడు గుర్తొచ్చింది. బయటికి వచ్చాక ఆమె మొహం వెలిగిపోతోంది.

"ఈ రాణిగారెవరో గానీ, మనిసి అవసరం తెలిసినావిడేనే" అంది. ఆ పాలరాతి మెట్ల మీద కూలబడి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

కారు దగ్గరికి వచ్చేసరికి నాన్న చెమట పట్టిన మొహంతో స్టీరింగు వెనకే ఉన్నాడు. "చూశావా అమ్మా? ఏముంది తలుపు వెనక?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. పొద్దుటి నుంచీ తిరిగి తిరిగి, గుమ్మందాకా తెచ్చి, తాను మాత్రం గడప తొక్కలేదు.

నాయనమ్మ తడుముకోలేదు. "వంటిల్లేరా! ఎంతుందనుకున్నావ్? ఇత్తడి గుండిగలే గుండిగలు. అడుగు, ఇదీ చూసింది" అంటూ నా చెయ్యి గట్టిగా గిల్లింది. నేను తలూపాను. నాన్న ఛాతీ రెండింతలై, కారు స్టార్టు చేసి, వైపర్లు వేశాడు.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. జంతికలు ఇప్పుడు పొట్లాల్లో కొంటున్నాం, వాటికి ఆ వాసన రాదు. నాన్న రిటైరయ్యాడు, కారు కొనలేదు, ఇప్పటికీ ట్రైన్లోనే తిరుగుతాడు. మొన్న మా అమ్మాయి డబ్బా మూత మీద వేలు పెట్టి ఆ తలుపు వెనక ఏముందని ఇంగ్లీషులో అడిగింది. నేను నోరు తెరిచేలోగా నాన్న పేపరు పక్కన పెట్టాడు.

"వంటిల్లమ్మా! ఒక్కో గుండిగలో ఏనుగు పడుతుంది. మీ అమ్మ కళ్ళారా చూసింది, అడుగు. ఈసారి మనందరం వెళ్దాం, కారు నేను నడుపుతా."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ పాలరాతి మెట్ల మీది నవ్వును పంచుకోగల మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది. గిల్లడానికి పక్కన ఎవరూ లేరు, అయినా తలూపాను.