అవ్వ సమాధి మీద సిలువ తీయండి

మా అవ్వ యూదురాలు. ఆమె సమాధి మీద సిలువ నాటారు. పోయిన నెల మదనపల్లెలో ఆమె చనిపోయిందని కుప్పంలో నేను పనిచేసే గ్రానైట్ ఫ్యాక్టరీకి ఫోను వచ్చింది. వెంటనే బయల్దేరాను. పుంగనూరులో బస్సు చెడిపోయింది. నేను చేరేసరికి మట్టి కప్పేసి, సిమెంటు సిలువ కూడా నిలబెట్టేశారు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. తంబళ్లపల్లె నుంచి పని వెతుక్కుంటూ మదనపల్లె వచ్చిన కొత్తలో అద్దెగది అడిగితే, ఇంటాయన "నీకెవురప్పా పూచీ?" అన్నాడు. పక్కింటి గేటు దగ్గరున్న తెల్లదొరసాని "నేనుండాను" అంది.

"వీడు నీకు తెలుసామ్మా?"

"ఇప్పుడు తెలిసినాడు గదా. గది సూపించు."

ఎందుకలా చేసిందో తర్వాత చెప్పింది. జర్మనీలో యూదులను బతకనివ్వని రోజుల్లో, చిన్నపిల్లగా తండ్రితో కలిసి ఓడెక్కింది. ఇక్కడ దిగాలంటే ఎవరో ఒకరు వాళ్ల తిండికీ బట్టకూ పూచీ పడాలి. బొంబాయిలో కొందరు యూదులు చందాలు వేసుకుని, ఇలా పారిపోయి వచ్చేవాళ్ల కోసమే ఒక సంఘం పెట్టుకున్నారట. ఆ సంఘం పూచీ పడింది. బస చూపించింది. డాక్టరైన తండ్రికి మదనపల్లెలో ఉద్యోగం వెతికిపెట్టింది.

"ముక్కూ మొగం తెలీని మనిషి మా కోసరం సంతకం పెట్టినాడు. మా పెద్దమ్మకు అట్లాంటి మనిషి దొరకలే. ఆమె ఆడ్నే ఉండిపోయింది" అనేది.

అందుకే దారిన పోయేవాడికల్లా పూచీ పడేది. నాకు ఒళ్లు మండేది. ఒకడు గది తలుపు కూడా ఊడబీక్కుని పోయాడు. "సూసినావా అవ్వా, నీ పూచీ?" అంటే, "తలుపు పోయె. వానికి ఇన్నాళ్లు నీడ దొరికె గదా" అని ఆ వారమే ఇంకొకడికి పూచీ పడింది.

వాళ్ల విశ్రాంతి దినం మొదలవుతుందని ప్రతి శుక్రవారం పొద్దు గూకే ముందు రెండు కొవ్వొత్తులు వెలిగించేది. తాను యూదురాలినని వీధి మొత్తానికీ చెప్పింది. అందరూ తలలూపి, డిసెంబరు రాగానే క్రిస్మస్ కేకు తెచ్చిచ్చేవాళ్లు. "ఎన్నేండ్లు చెప్పినా వీళ్ల చెవికెక్కదు. కేకు బాగుండాది, తిను" అనేది.

ఆమె తండ్రి సమాధి కూడా అదే శ్మశానంలో ఉంది. నున్నటి రాయి, దానిమీద పేరు, అంతే. వెళ్లినప్పుడల్లా పూలకు బదులు ఒక గులకరాయి పెట్టి వచ్చేది. అది వాళ్ల ఆచారం. "నాకూ ఇట్లాంటి రాయే కోసిపెట్టు. పేరు చాలు" అని నాతో చెప్పింది.

ఆ శ్మశానం చూసుకునే కమిటీ పెద్దాయన మంచివాడే. పెట్టె, పూలు, స్థలం అన్నీ ప్రేమగానే చూశారు. సిలువ ఎందుకు పెట్టారని వెళ్లి అడిగాను.

"తెల్లామె. కిరస్తానీ కాకుండా ఇంకేమయితాదప్పా?"

"యూదురాలినని ఆమే చెప్తా ఉండె గదా."

"ఏసు సామీ యూదుడే. అంతా ఒకటే పో. వాళ్ల నాయన రాయి మీద సిలువ ఊడిపోయినట్టుండాది. వచ్చే ఆదివారం దానికీ పెట్టిస్తాం, నువ్వేం దిగులు పడొద్దు."

ఊడిపోలేదయ్యా. అసలు పెట్టలేదు. ఏ పేరు మార్చుకోకుండా బతకడానికి ఆ తండ్రీకూతుళ్లు సముద్రం దాటి వచ్చారో, యూదులన్న ఆ పేరును మీరు ప్రేమగా చెరిపేస్తున్నారు.

ఆమె రాయి కుప్పంలో పాలిష్ అయి సిద్ధంగా ఉంది. లారీ నేనే తెస్తాను, నేనే పాతుతాను. కూతురి సమాధి మీది సిలువ తీస్తామని, తండ్రి రాయి జోలికి పోమని, ఈ శుక్రవారం పొద్దు గూకేలోపు కమిటీ నాకు జవాబు చెప్పాలి. ఆ తండ్రి రాయి మీద అవ్వ చివరిసారి పెట్టిన గులకరాయి ఇంకా అలాగే ఉంది. దాన్ని కదిలించకండి.