టోర్టియాల మూటలో రెండు మాత్రలు

మా ఊరు చిచిగాల్పా తోటల్లో చెరకు నరకడంలో మా అన్న అబెలీనోను మించినవాడు లేడు. నడుం నొప్పికని వదిన ఎర్మీనియా రోజూ తోటకు కట్టిచ్చే టోర్టియా రొట్టెల మూటలో రెండు డైక్లోఫెనాక్ మాత్రలు పెట్టేది. అలా ఆరేళ్లు మింగాడు.

ఒకరోజు కాళ్లు వాచి తోటలోనే కూలబడ్డాడు. మూత్రపిండాలు పాడయ్యాయంది డాక్టరమ్మ. "అంత ఎండలో పనిచేస్తూ రోజూ ఈ నొప్పి మాత్రలు వేసుకోమని ఎవరు చెప్పారు?"

"నేనే ఇచ్చానమ్మా," అంది వదిన, తలెత్తకుండా.

"ఊరుకోవే! నువ్వివ్వకపోతే నేనే కొనుక్కుని మింగేవాణ్ణి," అన్నాడు అన్న.

ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పుడు వదిన రోజూ తోట గట్టుకు నీళ్ల బిందె మోసుకొస్తుంది.

"తాగండ్రా నాయనా, ఆ మాత్రలు మానెయ్యండి."

"నీళ్లతో నడుం నొప్పి పోతుందా పిన్నీ?" అని కూలీలు నవ్వుతారు. ఆమె ముందే జేబులోంచి మాత్ర తీసి, ఆమె పోసిన నీళ్లతోనే మింగుతారు.