వంగతోటలో నిలబడినవాడు

"అన్నా, వాడు లేడు."

పొద్దున ఎనిమిదిన్నరకు నంద్యాలలో మా ఇంటి ముందు కూర్చుని టీ తాగుతూ ఫోనెత్తితే అవతల ఒక పల్లెటూరి తల్లి చెప్పిన మొదటి మాట అదే. సరిహద్దులో కాల్పులు మొదలై అప్పటికి నాలుగో రోజు. ఆమె కొడుకు అక్కడ సైన్యంలో ఉన్నాడు. పత్రికలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడి చేయి అలాంటి మాట వినగానే దానంతటదే కలం కోసం వెతుకుతుంది. నాదీ వెతికింది.

"ఎవరు చెప్పినారమ్మా? ఫోనొచ్చిందా?"

"ఎవురో చెప్పేదేందన్నా, నేనే చూసినా. తోటలో వాడు లేడు. నిలబడిన కాడ గుంత ఒక్కటే ఉంది."

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ఆమె చెబుతున్నది తోటలోని దిష్టిబొమ్మ గురించి.

రెండు రోజుల ముందే సైనికుల ఇళ్ల మీద వ్యాసం రాయడానికి ఆళ్లగడ్డ పక్కన వాళ్ల పల్లెకు పోయాను. బోరు కింద అరెకరా వంగతోట, నడుమ ఒక దిష్టిబొమ్మ. తోటకు తగిలే చెడ్డ చూపును తన మీదికి తీసుకునే బొమ్మ ప్రతి చేనులోనూ ఉంటుంది. కానీ దీనికి తొడిగినవి కొడుకు సెలవుకు వచ్చి వదిలేసిపోయిన పాత మిలిటరీ బట్టలు. లోపల వరిగడ్డి. తలకు బోర్లించిన కుండ, దాని మీద బొగ్గుతో కళ్లు, మీసం. చిరిగిన ఎడమ మోచేతికి ఆమె తన రవిక గుడ్డతో పసుపుపచ్చ మాసిక వేసింది.

"యుద్ధమని విన్న కాడి నుంచి లేస్తానే ఈడికొచ్చి చూస్తాండా," అంది ఆమె. "వీడు ఈడ నిలబడుకోని ఉంటే, వాడు గూడా యాడో నిలబడుకోని ఉన్నట్టే." వెంటనే గొంతు తగ్గించింది. "ఇది మాత్రం రాయొద్దన్నా. దిష్టిబొమ్మకు గూడా దిష్టి తగుల్తాది."

రాయనని తలూపాను. రాశాను. వ్యాసం మొత్తంలో అంతకంటే మంచి వాక్యం దొరకలేదు. పల్లె పేరు, రోడ్డు పక్కనే తోట, మిలిటరీ బట్టల బొమ్మ, అన్నీ వేశాను. ఫొటో కూడా.

ఫోనులో ఆమె ఇంకా చెబుతోంది. "మా వదిన చూసిందంట. తెల్లారేటప్పుడు కాలవ కట్ట మీద పోతాన్నాడంట. చేతులు చాపుకోని, కాళ్లు నేలకు ఆనకుండా. కొడవలి ఆడనే పారేసి ఇంటికొచ్చి పడింది. వాని ఫోను మూడు దినాలుగా తగల్లే. లేచి ఎల్లిపోయినాడన్నా. నువ్వు రాసినావు, ఎల్లిపోయినాడు."

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా కట్ట మీద కాళ్లు ఆనకుండా పోయే ఆ ఆకారం కళ్ల ముందు నుంచి కదలలేదు. మళ్లీ చేస్తానని చెప్పి ఫోను చూసుకున్నాను. విలేకరుల వాట్సాప్ గ్రూపులో రాత్రి వచ్చిన సందేశం ఉంది: ఉదయం పది గంటలకు ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలో శత్రు సేనాధిపతి దిష్టిబొమ్మ దహనం. దాని కింద అప్పుడే పెట్టిన ఫొటో. ఆటో వెనక సీట్లో మిలిటరీ బట్టల్లో బొమ్మ, ముఖానికి కాగితం ముసుగు. పెద్దది చేసి చూశాను. ఎడమ మోచేతికి పసుపుపచ్చ మాసిక.

చేనులో నిలబెట్టేదీ దిష్టిబొమ్మే, కూడలిలో కాల్చేదీ దిష్టిబొమ్మే. ఎన్ని దహనాల వార్తలు రాశానో లెక్కలేదు. ఆ చొక్కా ఎవరిదని ఒక్కసారీ అడగలేదు.

ఆమెకు ఫోను చేశాను. "అమ్మా, అది నడిచిపోలేదు. పిల్లోళ్లు భుజాల మీద ఎత్తుకుపోయినారు. ఆళ్లగడ్డలో కాల్చడానికి."

"కాల్చడానికా?"

ఫోను కట్టయింది. ధైర్యం చెబుదామనుకున్నవాణ్ణి ఏం చెప్పానో అప్పుడు తెలిసింది.

సందేశం పెట్టిన నంబరు మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. బండి తీశాను. శిరివెళ్ల దాటేసరికి తొమ్మిదిన్నర. ముందు గడ్డి ట్రాక్టరు. హారను కొడుతుంటే డ్రైవరు చేయి ఊపి, "యాడ కొంప మునుగుతాందప్పా?" అని అరిచాడు. జవాబు చెప్పే తీరిక లేక మట్టిలోకి దింపి దాటాను.

కూడలిలో నినాదాలు మోగుతున్నాయి. బొమ్మను నడిరోడ్డు మీద నిలబెట్టారు. ఒకడు నీళ్ల సీసాలో తెచ్చిన పెట్రోలు దాని భుజాల మీద పోస్తున్నాడు. ఇంకొకడి చేతిలో అగ్గిపెట్టె.

"ఆపండప్పా! ఆ చొక్కా మన జవానుది!"

అగ్గిపెట్టె పట్టుకున్నవాడు చిరాగ్గా చూశాడు. "ఏందన్నా, అడ్డం పడ్తాండావ్? ఫొటో తీసుకునేటోనివి నువ్వు."

"పేపరోళ్లకు శత్రువు మీద జాలి పుట్టినట్టుంది," అని వెనక నుంచి ఎవరో అంటే నవ్వారు.

"ఆ బట్టలు యాడివి?"

"నువ్వే రాస్తివి గదన్నా, ఆడ మిలిటరీ బట్టల బొమ్మ ఉందని. లేకుంటే మాకు యాడ దొరుకుతాయి?"

"నేను రాసింది మొత్తం చదివినావా?"

"హెడ్డింగు చదివినా. ఫొటో చూసినా."

బొమ్మకూ వాడికీ నడుమ నిలబడ్డాను. పెట్రోలు వాసనకు కళ్లు మండుతున్నాయి. అంతలో ఆటో ఆగింది. ఆమె దిగింది. ఎవరినీ చూడలేదు. నేరుగా వచ్చి కాగితం ముసుగు చించేసింది. కింద బొగ్గు కళ్లు చెదిరిపోయి, ఏడ్చినట్టున్నాయి. నినాదాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"వీడు మా వాడు," అంది. "యుద్ధంలో ఉన్నోన్ని ఈడ నిలబెట్టి కాలుస్తాండారా?"

"తెలీదత్తా..."

"అగ్గిపెట్టె ఇట్ల తే."

వాడు ఇచ్చాడు. ఆమె దాన్ని నడుముకు దోపుకుంది. చీర కొంగుతో బొమ్మ భుజాలు తుడిచి, పై గుండీ పెట్టింది.

బొమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆటోలో పోయింది. దాని వెనకే నేను. గతుకు వచ్చినప్పుడల్లా కుండ తల ఊగుతోంది. డ్రైవరు అద్దంలోకి చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ చూస్తున్నాడు. కూడలిలోని ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చి అదే గుంతలో బొమ్మను పాతి, చుట్టూ మట్టి తొక్కారు.

గట్టు మీద ఉండగా డెస్కు నుంచి ఫోను. "దహనం వార్త ఏమైంది?"

"దహనం జరగలేదు."

"అయితే వార్త లేదన్నమాట."

"లేదు," అన్నాను.

మూడు రోజులు ఆమెకు ఫోను చేసే ధైర్యం రాలేదు. నాలుగో రోజు ఆమే చేసింది. "మాట్లాడినాడన్నా. రెండు నిమిషాలు. తిన్నావా అంటే తిన్నా అన్నాడు." తర్వాత అంది, "కాల్చబోయిన సంగతి చెప్పలే. నువ్వు గూడా వాడొచ్చేదాకా రాయొద్దు."

ఈసారి రాయలేదు.

మొన్న సెలవుకు వచ్చాడు. నేను పోయేసరికి తోటలో బొమ్మ పక్కన నిలబడి, "నాకంటే లావైనాడే!" అని నవ్వుతున్నాడు. ఆమె గట్టు మీద నుంచే కేకేసింది.

"పక్కన నిలబడొద్దురా, ఇవతలికి రా. దూరం నుంచి ఎవురు ఎవురో తెలీడం ల్యాదు."