వాలుగ దవడ

పాత రేకు డబ్బా మూత తీస్తే ఎండుచేప వాసన ఇప్పటికీ లీలగా తగులుతుంది. లోపల వాలుగ చేప దవడ, దాని నిండా సన్నటి పళ్లు. వేలు ఆనిస్తే చురుక్కుమంటుంది. పొందూరులో మా పక్కింటి సూరమ్మప్ప ఇచ్చిందది. ఆవిడకు అక్షరం ముక్క రాదు, మనిషికి జడవడమూ రాదు. ఆ దవడతో పత్తి దువ్వడం, గింజ తీసి దూదిని ఏకులుగా చుట్టడం, రాట్నం మీద పోగు తీయడం అన్నీ ఆవిడే నేర్పింది. తొందరపడితే చేతి మీద ఒక్కటి వేసేది.

అరవైల చివర్లో రాజాం నుంచి నాకు పెళ్లిచూపులకు వచ్చారు. ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం. తల దించుకుని కూర్చోమని అమ్మ పొద్దున్నుంచీ నూరిపోసింది. పెళ్లికొడుకు "మీకేటి ఇష్టం?" అని అడిగాడు. ఇక నాకు ఒళ్లు తెలియలేదు. కొండపత్తి దగ్గర మొదలుపెట్టి చేప దవడ దాకా వెళ్లిపోయాను.

"శుభమా అని వస్తే ఈ ఎముకల గోలేటమ్మా? మా ఇంట ఇలాటివి కుదరవు" అంది అతని తల్లి.

అమ్మ ముఖం మాడిపోయింది. గడప దగ్గర కూర్చున్న సూరమ్మప్ప వైపు బతిమాలుతున్నట్టు చూసింది, పెళ్లయ్యాక మానేస్తుందని ఒక్కమాట చెప్పమని. నా భయం సంబంధం పోతుందేమోనని కాదు, అప్ప ఆ మాట అనేస్తుందేమోనని.

"మానదమ్మా" అంది అప్ప. "ఇప్పుడు దాసి తరవాత సెప్పడం నాకు సేతకాదు. ఒసే, మాటలు సాలు, పోగు తీసి సూపించు" అంటూ రాట్నం నా ముందుకు లాగింది.

తొందరపడ్డాను, పోగు తెగింది. అతను ముందుకు వంగాడు.

"తెగితే మరెలా కలుపుతారు?"

తెగిన కొసను ఏకుకు ఆనించి చక్రం తిప్పాను. అతికింది. అతను ఆ పోగును వెలుతురులో పట్టుకుని ముడి కోసం వెతికాడు.

"అమ్మా, ముడే లేదు, సూడు!"

అప్ప నా చెవిలో అంది: "తెగినకాడ ఆగి అడిగినాడే. ఈడిని వదలకు."

వదల్లేదు. నేను వడికిన నూలుతో నేసిన మొదటి చీర మా అత్తగారే కట్టుకుంది. పేరంటానికి వెళ్లి చేప దవడ కథంతా తనే చెప్పుకొచ్చింది. అప్పటికే అప్ప కాలం చేసింది, ఉంటే ఎంత గర్వపడేదో! ఆవిడ వంతు గర్వం కూడా నేనే పడుతున్నాను. కొత్తవాళ్లెవరైనా నీకేమిటి ఇష్టమని అడిగితే, ఇప్పటికీ నేను గొంతు తగ్గించను. డబ్బా తెచ్చి, దవడ వాళ్ల చేతిలో పెట్టి, మొదటి నుంచీ చెబుతాను.