కుడి కంతకు ఒకటిన్నర, ఎడమ కంతకు రెండు

చరిత్రలో కొన్ని సాయంత్రాలు నిలిచిపోతాయి. మా వీధి కళ్లజోళ్ల ఆయన తన గిటారు మీది టోన్ నాబ్‌ను ఏడు నుంచి ఆరున్నరకు తిప్పిన సాయంత్రం అటువంటిది. ఆ అర అంకె గురించి ఒక నిశ్చయానికి రావడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది. యుద్ధాలు ముగించి సంధి రాసుకున్న రాజులు ఇంతకన్నా త్వరగా తేల్చుకున్నారు. మర్నాడు ఆయన దాన్ని మళ్లీ ఏడుకు తిప్పాడు. అదీ చారిత్రకమే.

కళ్లజోళ్ల షాపు వెనక గదిలో చూపు పరీక్షించడం ఆయన ఉద్యోగం. వచ్చినవాళ్ల ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడుగుతాడు. పద్దెనిమిదేళ్లుగా అదే అడుగుతున్నాడు కనక వీధిలో ఆయన పేరు 'ఇందాకటాయన'గా స్థిరపడింది. షాపులో మాత్రం ఆయనకు ఒక ధర్మం ఉంది. ఒకే ప్రశ్న మూడోసారి అడగడు. మూడోసారికి కన్ను అలిసిపోయి అబద్ధం చెబుతుందట. ఈ దయాధర్మం షాపు షట్టరు దించడంతో ముగుస్తుంది. ఇంట్లో భార్య చెవికి అలుపనేది లేదని ఆయన నమ్మకం.

గిటారు సగం బోలుది. మధ్యలో గట్టి చెక్క దిమ్మ, దానికి అటూ ఇటూ బోలు, పైన వంకరగా కోసిన రెండు కంతలు. లోపలి గాలి వల్ల స్వరానికి తియ్యదనం వస్తుంది. యాంప్లిఫయరు సౌండు పెంచితే ఆ గాలే కుయ్యోమని కూత పెడుతుంది. తియ్యదనం ఉండాలి, కూత పోవాలి. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను లోకం చాలామందిని చూసింది. మద్దెల కుదిరేదాకా ఆడనే ఆడనని పదకొండేళ్లు భీష్మించుకున్నవాణ్ణి మా వీధే చూసింది. ఇన్నేళ్లలో ఆయన ఒక్క పాటా చివరిదాకా వాయించలేదు.

భార్య బడిలో లెక్కల టీచరు. సాయంత్రం ఆవిడ నోటుపుస్తకాలు దిద్దుకుంటూ ఉంటే ఎదురుగా ఈ పరీక్ష మొదలయ్యేది.

"ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

"రెండూ బాగున్నాయండీ."

"రెండూ ఎలా బాగుంటాయే? ఒకటి చెప్పు."

"సరే, ఇందాకటిది."

"దొరికావు! నేనసలు ఏమీ మార్చలేదు."

"మార్చకపోయినా బాగుందన్నమాట. ఇంకనేం, పాట వాయించండి."

మర్నాడు ఆయన కూత అణచడానికని షాపు నుంచి అద్దాలు తుడిచే గుడ్డలు తెచ్చాడు. వాటిని పట్టకారుతో కంతల్లోకి ఒక్కొక్కటే దూర్చి, తీసి, మళ్లీ దూర్చి, చివరికి ఏ కంతకు ఎన్ని గుడ్డలో షాపు చీటీ మీద రాశాడు. కుడి కన్ను అని ఉన్నచోట 'ఒకటిన్నర', ఎడమ కన్ను అని ఉన్నచోట 'రెండు', కింద 'టోన్ మళ్లీ ఆరున్నరే, సౌండు రెండు'. చీటీని గిటారు పెట్టె మూతకు అతికించాడు. ఆయన బావమరిది, ఎలక్ట్రీషియను, అది చదివి అడిగాడు: "బావా, దీన్ని వాయించడానికి కొన్నావా, వైద్యం చేయించడానికా?"

ఇలా ఉండగా కూతురికి సంగీత కళాశాలలో చేరడానికి ఎంపిక పరీక్ష వచ్చింది. మనిషికి ఐదు నిమిషాలు, ఒక పాట. కావాలంటే పక్కన ఒక వాద్యం పెట్టుకోవచ్చు. ఈసారి తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

"నువ్వు వాయించాలి నాన్నా. తీగల మీద నాలుగే కార్డ్స్ పట్టాలి, తిప్పి తిప్పి అవే," అంది పిల్ల.

"నాలుగేనా!" అన్నాడాయన చిన్నబుచ్చుకున్నట్టు. మూడు వారాల టైముంది. పాట రెండో లైను దాటితే ఒట్టు. పిల్ల గొంతెత్తగానే ఆయన చెయ్యెత్తేవాడు: "ఆగమ్మా, కొంచెం పొడిగా వినిపిస్తోంది."

"పొడిగానే కానీ నాన్నా, మూడో లైనుకైనా వెళ్దాం!"

ఎంపిక నాడు పదకొండు గంటలకు, పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, బావమరిది యాంప్లిఫయరు మోసుకొచ్చాడు. పెద్ద హాలు, ఎత్తు కప్పు, ఆ చివర బల్ల వెనక ముగ్గురు పరీక్షకులు. గంట కొట్టారు. ఇందాకటాయన చీటీ చూసి తు.చ. తప్పకుండా అన్నీ పెట్టి తీగ మీటాడు. ఇంట్లో పరదాల గదికి సరిపోయిన శబ్దం ఆ హాల్లో సగం దూరం కూడా వెళ్లలేదు.

"కొంచెం పెంచండి," అంది మధ్యలో కూర్చున్నావిడ.

పెంచాడు. గిటారు పదకొండేళ్ల మౌనవ్రతం విడిచినట్టు కూత పెట్టింది. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని పట్టకారు తీశాడు. ఒక గుడ్డ ఎక్కించాడు, మీటాడు. సగం గుడ్డ తీశాడు, మీటాడు. ఆ తర్వాత, వృత్తి అలవాటు ఎక్కడికి పోతుంది, తలెత్తి పరీక్షకులను అడిగాడు:

"ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

ముగ్గురిలో కళ్లజోడున్న పెద్దాయన, పాపం అనుభవస్థుడు, వెంటనే అన్నాడు: "ఇంకోసారి చూపించండి."

"రెండు నిమిషాలే ఉన్నాయి," అని ఆవిడ గడియారం చూపించింది.

పిల్ల వంగి తండ్రి చెవిలో అంది: "ఒకరి కళ్లజోడు ఇంకొకరికి పెట్టకూడదని షాపులో రోజూ చెప్తావుగా నాన్నా. ఇంటి చీటీ తెచ్చి హాలుకి పెడితే ఎలా?" ఆ మాటకు ఆయన చేతిలో పట్టకారు ఆగింది. ఆయన తేరుకునేలోపే పిల్ల నిటారుగా నిలబడి పాట ఎత్తుకుంది.

మూడో లైను వచ్చింది. నాలుగోదీ వచ్చింది. ఇందాకటాయన ఆ పాటలో ఆ భాగం వినడం అదే మొదలు. గిటారు మళ్లీ కుయ్యోమంటుందేమోనని తీగల మీద అరచేయి గట్టిగా అదిమి, పాట ముగిసేదాకా మోకాళ్ల మీదే ఉండిపోయాడు.

తిరిగి వస్తూ దారిలో బావమరిదితో అన్నాడు: "చివర్లో టోన్ కుదిరిందిరా. గమనించావా?"

"ఎప్పుడు బావా?"

"అదే, పిల్ల పాడుతున్నప్పుడు. ఆ హాలుకి అదే సరైనది."

వారం తిరిగేసరికి కళాశాల నోటీసుబోర్డు మీద ఎంపికైనవాళ్ల జాబితా పెట్టారు. పిల్ల పేరు రెండోది. దాని ఎదుట 'పక్క వాద్యం' అన్న గడిలో 'లేదు' అని రాసి ఉంది.