తొమ్మిది నిమిషాల మిద్దె

మా వదిన గొంతు బాగుండేది కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఆవిడ పోయాక కళామందిరం వాళ్లు అచ్చేసిన కరపత్రంలో "కోకిల కంఠం" అని ఉంది. అది సున్నం పొడి మింగి మింగి గీరుకుపోయిన గొంతు. దాన్ని కోకిలతో పోల్చినవాడు ఆ రెండింటిలో ఏదీ విని ఉండడు.

ఆవిడ మిద్దెలు బాదేది. మా పాత ఊళ్లో రాతి మేడల పైకప్పులన్నీ ఒకప్పుడు సున్నంతో, ఇటుక ముక్కలతో వేసినవే. తడి సున్నం పరిచాక, పదిమంది ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని, పిడి ఉన్న కొయ్య పలకలతో రోజుల తరబడి బాదాలి. అందరి దెబ్బా ఒక్కసారే పడాలి. లేకపోతే కప్పు ఎగుడుదిగుడై నీళ్లు నిలుస్తాయి. పాట అందుకోసం. ముందు కూర్చున్నావిడ చరణం అందుకుంటే మిగతావాళ్లు దెబ్బతో బదులిస్తారు. ఆ చరణాల్లో దేవుళ్లు లేరు, విరహాలు లేవు. ఆలస్యంగా వచ్చినదాన్నీ, మేస్త్రీ బొజ్జనీ, చేతులు కట్టుకు చూసే యజమానినీ ఆడిపోసుకోవడమే.

ఆ పాటకి ముగింపంటూ లేదు. కప్పే ముగిస్తుంది. సున్నం మెత్తగా ఉన్నంతసేపూ దెబ్బ దబ్బుమని పడి చచ్చిపోతుంది. గట్టిపడ్డాక ఒకానొక క్షణాన ఖంగుమంటుంది. "పలికింది" అనేవాళ్లు. పలకకముందు ఆపితే ఆ చోట కురిసి తీరుతుంది. పదకొండో ఏట వాళ్లమ్మ పక్కన కూర్చున్నది మొదలు మా వదిన పలకని కప్పు మీదినుంచి లేచింది లేదు. మా అన్నకి ఒళ్లు కాలిపోతోందని కబురు చేస్తే, పలికాక వస్తానని తిరుగు కబురు పంపిన మనిషి.

కళామందిరం కప్పు ఆవిడకి మొదటిది, వాళ్లమ్మకి ఆఖరిది. అరవై ఏళ్లు చుక్క కారలేదు. అప్పుడు మన సంస్కృతిని కాపాడే నిమిత్తం అక్కడికొక అధికారి వచ్చాడు. కాపాడటంలో మొదటి మెట్టుగా, రంగు దీపాలు బిగించడానికి కప్పుకి పదహారుచోట్ల తూట్లు పొడిపించాడు. ఆ వానాకాలం కింద చదువుకునే గదిలో నేను రోజూ కూర్చునే కుర్చీ పక్కన బకెట్టు వెలిసింది. మరుసటేడు నా కుర్చీ తీసేసి అక్కడ ఇంకో బకెట్టు పెట్టారు.

ఆయనకి వదిన "మైకుబాబు" అని పేరు పెట్టింది. మైకు కట్టేసినా అందులోనే మాట్లాడతాడు. చెడ్డవాడని అనను, చెడ్డతనానికైనా కాస్త సరుకుండాలి. ఎవరో రాసిచ్చిన మాటలు చదివి, చదువుతూ చదువుతూ అవి తనవేనని నమ్మే రకం.

కారుతున్న చోట రేకులు వేయిస్తారని తెలిసి వదిన ఆయన గదికి వెళ్లింది. సున్నంతో మేమే వేస్తాం, ఇంకా ఐదుగురం మిగిలామని చెప్పింది. ఆయన సున్నాన్ని వదిలేసి పాటని పట్టుకున్నాడు. ఆ పాట ఇంకా బతికే ఉందా అని తెగ పొంగిపోయాడట. పైనుంచి పెద్ద అతిథులొస్తున్నారు, వాళ్ల ముందు పాడండి, వాళ్లు మెచ్చితే కప్పు పని మీకే అన్నాడు. నెత్తిన నీళ్లు కారుతున్నవాడికి గొడుగు పడతామంటే, ముందు ఆ గొడుగు కర్రతో సాము చేసి చూపించమన్నట్టుంది. అయినా వదిన ఒప్పుకుంది. ఆ కప్పు కోసం పల్టీలు కొట్టమన్నా కొట్టేది.

వేదిక మీద ఒక మూల సున్నం పరవమని అడిగితే, దుమ్ము లేస్తుందని వద్దన్నారు. వట్టి చెక్కల మీద బాదితే చాలన్నారు. ఎప్పుడు ఆపాలని అడిగితే, తొమ్మిది నిమిషాలకి దీపం ఆర్పుతాం, అప్పుడు ఆపమన్నారు.

"దీపానికేం తెలుసయ్యా?" అంది వదిన ఇంటికొస్తూ.

"దానికి తెలియక్కర్లేదు. నువ్వు ఆపెయ్ వదినా, కప్పు దక్కుతుంది."

"ఆపుతాలే. నాకామాత్రం తెలీదా."

ఆ సాయంత్రం అతిథులు మొదటి వరసలో మెత్తని కుర్చీల్లో కూర్చున్నారు. మైకుబాబు ఇరవై నిమిషాలు మాట్లాడి, సమయం తక్కువగా ఉందని చెప్పి దిగాడు. వదిన అందుకుంది:

"నిలబడి చూసే మారాజా, నీ నీడకి కూడా పనిలేదా."

అతిథులు మైమరిచి తలలూపారు. ఒకావిడ కళ్లు ఒత్తుకుంది. మట్టివాసన వస్తోందని ఎవరో అన్నారు. వచ్చేది కొత్త వార్నిషు వాసన. మందిరం వాళ్లు పాటంతా రికార్డు చేస్తున్నారు.

తొమ్మిది నిమిషాలకి దీపం ఆరింది. చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగాక చూస్తే చీకట్లో దెబ్బలు పడుతూనే ఉన్నాయి. మళ్లీ దీపం వేసి, మళ్లీ ఆర్పారు. నాకు అప్పుడర్థమైంది. అడుగున బోలుగా ఉన్న చెక్క తెల్లవార్లూ బాదినా పలకదు.

పావుగంటకి అతిథులు గడియారాలు చూసుకున్నారు. ఇరవై ఐదో నిమిషానికి, మట్టివాసన వస్తోందన్న పెద్దమనిషే ముందుగా లేచాడు. ఆయన వెనక వరసంతా లేచింది. కళ్లు ఒత్తుకున్నావిడ చెవులు మూసుకుని వెళ్లింది. అయినా నేను వేదిక దగ్గరికి వెళ్లలేదు. వెళ్లి చెయ్యి పట్టుకుంటే ఆపేదేమో.

మైకుబాబు వేదిక అంచున మోకాళ్ల మీద కూర్చుని, "అమ్మా, చాలమ్మా. వాళ్లు వెళ్లిపోతున్నారు," అన్నాడు.

"ఇంకా పలకలేదు బాబూ," అంది వదిన, దెబ్బ తప్పకుండా.

నలభై నిమిషాలకి ఆవిడ ముందున్న చెక్క నిలువునా చీలింది. ఐదు పలకలూ ఆగాయి. వదిన ఆ చీలికలో వేలు పెట్టి చూసింది. "పలకలేదు, పగిలింది," అని లేచి, మోకాళ్లు దులుపుకుంది.

దారిలో అడిగాను, కావాలనే చేశావా అని.

"ఆపుదామనే అనుకున్నానయ్యా. చెయ్యి వినలేదు," అంది. ఇంకాస్త నడిచాక, "పోయింది కదూ, కప్పు?" అంది.

పోయింది. నెల తిరక్కుండా రేకులు పడ్డాయి. రికార్డు చేసిన పాటలోంచి మొదటి తొమ్మిది నిమిషాలు కత్తిరించి, చూడవచ్చిన వాళ్లకి రోజూ సాయంత్రం వినిపించడం మొదలుపెట్టారు. అది రేకుల మీద జల్లు పడితే వినిపించదు. వదిన మళ్లీ ఆ వీధిలో అడుగుపెట్టలేదు. ఎక్కడైనా మేడ కింద నడుస్తుంటే మాత్రం తలెత్తి కప్పు అంచు చూసేది.

రెండు వానాకాలాల తర్వాత పోయింది. మైకుబాబు మందిరంలో సంతాపసభ పెట్టించి, ఆ కరపత్రం పంచాడు. మిగిలిన నలుగురు ఆడవాళ్లూ నేనూ వెనక వరసలో కూర్చున్నాం. ఆయన రెండు వాక్యాలు చదివాడో లేదో, వాన దిగింది. రేకులు మోత మొదలెట్టాయి. ఆయన నోరు కదులుతోంది, చెయ్యి లేస్తోంది, మైకు కూడా వెలుగుతోంది. పక్కనున్నావిడ నా చెవిలో అరిచినట్టుగా అడిగింది:

"ఏమంటున్నాడన్నయ్యా?"

వినిపించడం లేదని చెప్పాను.

"పోన్లే," అని, బెంచీ కిందికి వస్తున్న నీళ్లు చూసి, కాళ్లు పైకి పెట్టుకుంది.